మెయిన్ తీసినా ఆగని మిషన్

మొన్న మా వీధిలో ఉండే ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. "ఆంటీ, మీ కాలంలో ఎమ్మారై ఉండేదా?" అని అడిగింది. మా కాలం అంటే ఆ పిల్ల లెక్కలో గుర్రబ్బండ్ల కాలం కాబోలు. ఉండేదమ్మా, పటాన్‌చెరు హైవే పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేసే దుకాణానికీ, చాయ్ హోటలుకూ మధ్యన ఉండేది, నా సగం వయసు దాని దగ్గరే గడిచిపోయింది అన్నాను. నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆమె అడిగిందని మొదలుపెట్టాను గానీ, ఇది రేపు తెల్లకోటు వేసుకుని ఆ గది తలుపు దగ్గర నిలబడబోయే మీ అందరి కోసం రాస్తున్నాను.

మాది సంగారెడ్డి. నాన్న చర్చి బడిలో పంతులు. నన్ను నర్సును చేయాలని ఆయన కోరిక. ట్రైనింగులో చేరిన వారంలోనే రక్తం చూసి కళ్లు తిరిగి పడ్డాను. రక్తం కనబడని పని ఏదన్నా ఉంటే చూసుకోమని పెద్దలు చెబితే ఎక్స్‌రే వైపు మళ్లాను. అయినా జనం దృష్టిలో తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి సిస్టరే. రిటైరయ్యే దాకా నేను సిస్టరమ్మనే. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత విసుగొచ్చి మానేశాను.

నేను పనిచేసిన స్కానింగ్ సెంటరుకు ఎమ్మారై మిషన్ వచ్చింది తొంభైల చివర్లో. కొత్తది కాదు. ఏదో దేశంలో పదేళ్లు వాడి పక్కన పెట్టినదాన్ని మా యజమాని తెప్పించారు. గోడ పగలగొట్టి క్రేన్‌తో లోపలికి దించుతుంటే ఇస్నాపూర్ నుంచి కూడా జనం వచ్చి చూశారు. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల వాళ్లు కదా, ఊరికే చూసి పోరు. బరువెంత, కూలింగ్ ఎట్లా, ఫౌండేషన్ ఎంత లోతు తీశారు అని బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరును ఊపిరాడనివ్వలేదు.

ఆ ఇంజనీరు మాకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే. ఈ మిషన్‌కు స్విచ్ ఆఫ్ అనేది లేదు. కరెంటు పోతే కంప్యూటర్ ఆగుతుంది, లైట్లు ఆరిపోతాయి, కానీ లోపలున్న అయస్కాంతం మాత్రం అయస్కాంతంగానే ఉంటుంది. పగలూ రాత్రీ, ఆదివారం, పండగ, దానికి ఏమీ పట్టదు. తలుపు దగ్గర నేల మీద ఆయన స్వయంగా పసుపు గీత గీశారు. గీత దాటి ఇనుము పోకూడదు, గుండెకు మిషన్ పెట్టించుకున్న మనిషి అసలే పోకూడదు అన్నారు. మేము తలలూపాం. ఆ నెలలోనే సున్నాలు వేసే మేస్త్రీ ఇనప స్టూలు చేత్తో పట్టుకుని, గోడ మీద మరక కనిపిస్తే తుడుద్దామని లోపలికి పోయాడు. స్టూలు ఆయన చేతిలోంచి లేచిపోయి మిషన్‌కు అతుక్కుంది. నలుగురం తాళ్లు కట్టి లాగినా రాలేదు. మేస్త్రీ గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు తన చేతిని తానే చూసుకున్నాడు. ఆ తర్వాత మాలో ఎవరూ తలలు ఊరికే ఊపలేదు.

ఇంక మా పేషెంట్ల సంగతి. ఈ ఫ్యాక్టరీల బెల్టులో మనుషుల ఒళ్లంతా ఇనుమే. జేబుల్లో నట్లు, బోల్టులు, చెవి మీద వెల్డింగ్ రాడ్ ముక్క, చొక్కా మడతలో లేతు మిషన్ రజను. గ్రైండింగ్ చేసేవాళ్లకు ముందు కళ్లకు ఎక్స్‌రే తీసి, ఇనుప నలుసు లేదని చూసిగానీ లోపలికి పంపేవాళ్లం కాదు. ఆడవాళ్లయితే పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసులు తీయించడానికే పూట గడిచేది.

మిషన్‌తో పాటు ప్రశ్నల కాగితం ఒకటి వచ్చింది. దాన్ని ఎవరితోనో తెలుగు చేయించారు. 'మీ శరీరంలో లోహ సంబంధిత పరికరములు ఏవైనా అమర్చబడి ఉన్నవా?' అని ఉండేది. నేను అట్లాగే చదివితే ఒక పెద్దమనిషి, నాకు ఇంగ్లీషు రాదమ్మా అన్నారు. దాంతో కాగితం పక్కన పెట్టి, "ఒంట్లె ఎక్కడన్న రాడు, ప్లేటు, గుండె మిషన్ ఏసిన్రా?" అని అడగడం మొదలుపెట్టాను. అది అందరికీ అర్థమయ్యేది. జవాబు మాత్రం పేషెంట్ నుంచి వచ్చేది కాదు, పక్కనున్న మనిషి నుంచి వచ్చేది.

ఆ పద్ధతి ఇక్కడిదే. ఫ్యాక్టరీ నుంచి ఎవరైనా ఆస్పత్రికి వస్తే ఒంటరిగా రారు. కంపెనీ జీపులో, వర్కర్ల హాజరు చూసే టైం ఆఫీసు మనిషి వెంట వస్తారు. గేటు పాసు ఆయన దగ్గర, కాగితాలు ఆయన దగ్గర, మాటలు కూడా ఆయన దగ్గరే. కడుపులో నొప్పి ఎడమ పక్కనా కుడి పక్కనా అని అడిగినా ఆయనే చెప్పేవారు. పేషెంట్ చేతులు కట్టుకుని నిలబడి, తన నొప్పి ఎక్కడుందో వినేవాడు.

నేను చెప్పబోయే రోజున వచ్చిన టైం ఆఫీసు సార్ మాకు బాగా తెలిసినవారే. ఉక్కు పోత పోసే ఫ్యాక్టరీ ఆయనది. సంగారెడ్డి దగ్గర పల్లెలో భూములున్న ఇంటి మనిషి, కాస్త గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. వర్కర్లను కసిరేవారు గానీ వాళ్ల కోసం మా డాక్టరు గారి గది ముందు గంటలు గంటలు నిలబడేవారు. అటువంటి మనిషిని తిట్టలేం, పొగడలేం.

ఆ రోజు ఆయన తీసుకొచ్చింది ఫర్నేస్ దగ్గర పనిచేసే ఒకతన్ని. జోగిపేట అవతలి పల్లెవాడు, ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకుని భార్యతో ఉండేవాడు. సన్నగా, నల్లగా, కనుబొమలు వేడికి కాలి సగమే మిగిలిన మనిషి. ఏళ్ల తరబడి, ఎవరైనా రాని రోజున వాళ్ల బదులు పనిచేసే బదిలీ వర్కరుగా చేస్తూ, ఆ ఏడు పర్మనెంట్ లిస్టులో పేరు ఎక్కబోతోంది. ఈ బెల్టులో పర్మనెంట్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పిల్లనివ్వాలన్నా, కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టాలన్నా, ముందు అడిగేది ఆ ఒక్కమాటే. అట్లాంటి సమయంలో ఇతనికి చేతుల్లో పట్టు తప్పడం మొదలైంది. మొదట చాయ్ గ్లాసు జారింది, ఎవరికీ చెప్పలేదు. తర్వాత పనిలో కరిగిన ఉక్కు తోడే గరిటె జారింది, అది అందరూ చూశారు. మెడలో నరం నలుగుతోందేమో, ఆలస్యమైతే చేతులు పడిపోతాయి, వెంటనే స్కాన్ తీయించమని ఆస్పత్రి పెద్ద డాక్టరు రాశారు.

నేను ఎప్పటిలాగే అడిగాను. టైం ఆఫీసు సార్ ఎప్పటిలాగే, ఏం లేవు సిస్టరమ్మా, మా మనుషులు గట్టోళ్లు అన్నారు. పేషెంట్ నేల చూశాడు. బట్టలు మార్చుకోమని గౌను ఇచ్చాను. గౌను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సిగ్గుపడుతున్నాడనుకుని నేను పక్కకు వచ్చాను. అప్పుడు అతని భార్య నీళ్ల కుళాయి దగ్గర నుంచి నాకు సైగ చేసింది.

దగ్గరికి పోతే నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా ఆయన ఛాతిల డబ్బి ఉన్నది. గుండె సరిగ కొట్టుకుంటలేదని పట్నంల పెట్టిన్రు. కంపెనీల ఎవ్వలకు తెల్వది. తెలిస్తే పర్మనెంట్ చెయ్యరు. ఆ సార్‌కు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

ఆ రోజుల్లో గుండెకు పేస్‌మేకర్ ఉన్న మనిషిని ఎమ్మారైలోకి పంపడమంటే చంపడమే. ఆ చిన్న డబ్బాలో ఉన్న తెలివంతా అయస్కాంతం దగ్గర తలకిందులవుతుంది. కొట్టాల్సినప్పుడు కొట్టదు, అక్కర్లేనప్పుడు కొడుతుంది, గుండెలోకి పోయిన తీగ వేడెక్కుతుంది. ఇప్పుడు లోపలికి పంపదగ్గవి కొన్ని వచ్చాయట, వాటికీ ఎన్నో షరతులట. అప్పుడు మాత్రం లేవు. ఆమె చెప్పి ఉండకపోతే ఆ తర్వాతి అరగంటలో ఏం జరిగేదో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

కథంతా కుళాయి దగ్గరే చెప్పింది. రెండేళ్ల కింద పనిలో ఉండగానే కళ్లు బైర్లు కమ్మి పడితే, ఎండదెబ్బ అన్నారట. మళ్లీ ఇంట్లో పడితే పట్నం తీసుకుపోయింది. కంపెనీకి పచ్చకామెర్లని చెప్పి, ఊళ్లో పసరు మందు తాగుతున్నాడని చెప్పి నెల సెలవు పెట్టించింది. ఆ నెలలోనే డబ్బా పెట్టారు. అప్పటి నుంచీ ఆయన నలుగురిలో చొక్కా విప్పలేదట, మోటారు కాడ స్నానం కూడా మానేశాడట.

నేను పోయి మా డాక్టరు గారికి చెప్పాను. మా డాక్టరు గారు ఫిల్ములో వెంట్రుకంత తేడా పట్టేస్తారు గానీ మనుషులతో మాట్లాడాలంటే ఆయనకు చెమటలు పడతాయి. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఒక మాట అన్నారు. స్కాన్ కుదరదు, కానీ కారణం చెప్పాల్సిన పని మనకు లేదు, మిషన్ చెడిపోయిందని చెప్పు, దాన్ని చల్లబరిచే చిల్లర్ పనిచేయడం లేదని చెప్పు. ఈలోగా పట్నంలో వేరే పద్ధతిలో, వెన్నులో మందు ఎక్కించి సీటీ తీసే చోటుకు ఫోన్ చేద్దాం, అది చేస్తే మెడ సంగతి తెలిసిపోతుంది, కంపెనీకి కారణం చెప్పే పని ఉండదు. నాకు అది మంచి ఉపాయంగానే తోచింది. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకున్నాం.

పేషెంట్‌ను పక్కకు పిలిచి, పసుపు గీత చూపించి, నీ డబ్బాతో ఇది దాటితే ఏమవుతుందో, ఇనుముతో ఎవరు దాటినా ఏమవుతుందో అంతా చెప్పాను. సున్నం మేస్త్రీ స్టూలు కథ కూడా చెప్పాను. కరెంటు లేకపోయినా గట్లనేనా అని అడిగాడు. లేకపోయినా అంతే అన్నాను. అతను ఆ గీతను చాలాసేపు చూశాడు. తర్వాత బయటికి వచ్చి బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు.

టైం ఆఫీసు సార్‌కు నేనే చెప్పాను, చిల్లర్ పోయిందని. అబద్ధం బాగానే ఆడాననుకున్నాను. కానీ ఎవరితో ఆడుతున్నానో మరిచిపోయాను. ఇదే అబద్ధం పట్నంలో ఆడితే వచ్చినవాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయేవారు. ఇక్కడ మిషన్ చెడిపోయిందని చెప్పడమంటే, వంటింట్లో నిలబడి ఆకలేస్తోందని చెప్పడమే. ఆయన ముఖం వెలిగిపోయింది. చిల్లరేనా, దానికేముంది అని గబగబా బయటికి పోయారు. టీ తాగడానికేమో అనుకున్నాను. పక్కన ఎస్టీడీ బూత్‌లోంచి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మెయింటెనెన్స్ ఫిట్టర్‌ను టూల్ బ్యాగ్‌తో సహా రమ్మన్నారు. వీడి చేతులు పడిపోకముందే ఈ దినమే స్కాన్ కావాలె అని ఆయన పట్టుదల. మనిషి మంచితనంతో ఎట్లా పరేషాన్ చేయగలడో ఆ రోజు నాకు తెలిసింది.

ఆ సంగతి తెలియని నేను రిసెప్షన్‌లో ఫోన్ పట్టుకుని పట్నంలోని సెంటరుతో మాట్లాడుతున్నాను. స్కాన్ ఎట్లాగూ లేదు కదా అని మా ఆయా మిషన్ గది తలుపు బార్లా తీసి, ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని, బల్ల కింద వంగి తడిగుడ్డ పెడుతోంది.

మిషన్ గదిలో ఎప్పుడూ ఒక చప్పుడు ఉంటుంది, పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్ అని. అయస్కాంతాన్ని చల్లగా ఉంచే పంపు చప్పుడది. ఏళ్ల తరబడి వింటే చెవికి ఆనదు. ఆగితేనే తెలుస్తుంది. ఫోన్‌లో మాట్లాడుతుండగా అది ఆగింది.

తలెత్తి చూశాను. వెనక ప్యానెల్ గదిలోంచి ఫిట్టర్ వస్తున్నాడు. ఖాకీ సంచి భుజాన ఉంది, చేతిలో మూరెడు పొడుగు పైపు రెంచి ఉంది. నేరుగా తెరిచి ఉన్న తలుపు వైపు నడుస్తున్నాడు. లోపల ఆయా మిషన్ నోటికి ఎదురుగా, మాకు వీపు పెట్టి వంగి ఉంది.

ఆగు, లోపలికి పోకు అని అరిచాను. ఫిట్టర్ నా వైపు తిరిగి, చిన్నపిల్లకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు.

"మెయిన్ తీసేసిన సిస్టర్. ఫ్యూజు నా జేబుల ఉన్నది. ఇగ ఏం గాదు."

అతన్ని తప్పు పట్టలేం. ఫ్యాక్టరీలో వాళ్లకు మొదటి రోజు నేర్పేది అదే. మిషన్ మీద చెయ్యి వేసేముందు మెయిన్ తీసెయ్యి, ఫ్యూజు పీకి నీ జేబులో వేసుకో, నువ్వు బయటికి వచ్చేదాకా ఎవరూ కరెంటు ఇవ్వలేరు. ఆ అలవాటు ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఫ్యూజు జేబులో ఉన్న ఫిట్టరంత నిబ్బరంగా నడిచే మనిషి ఈ బెల్టులో ఉండడు. కరెంటు తీసినా ఇది ఆగదు అని నేను అరుస్తూ పరిగెత్తుతున్నాను. మిషన్ల గురించి తెల్లకోటు వాళ్లు చెప్పే మాటలు ఎన్ని విన్నాడో, అతను నవ్వుతూనే నడుస్తున్నాడు. నేను కారిడార్‌కు ఈ చివర ఉన్నాను, అతను ఆ చివర.

బెంచీ మీది నుంచి పేషెంట్ లేచాడు. అంత సన్నటి మనిషి ఒక్క ఉదుటున పోయి తలుపుకు అడ్డంగా, పసుపు గీత మీద నిలబడ్డాడు. అయస్కాంతం అతని వీపు వెనక ఉంది. ఫిట్టర్ అతని దోస్తే, ఒకే వాడలో ఉంటారట. జరుగు అన్నా, నీ కోసమే వచ్చిన అంటూ భుజం పట్టుకుని పక్కకు నెట్టబోయాడు.

అప్పుడు పేషెంట్ తన చొక్కా గుండీలు విప్పాడు. వేళ్లలో పట్టు లేదు కదా, రెండు ఊడాయి, మూడోది రాకపోతే లాగేశాడు. ఎడమ భుజం ఎముక కింద చర్మం ఉబ్బి, దాని మీద అడ్డంగా కుట్ల గీత కనబడింది.

"మిషన్ ఖరాబ్ కాలే. నా మీద దయ తలిసి అబద్ధమాడిన్రు. నా గుండెకు మిషన్ ఉన్నది, సూడు. గందుకే నన్ను లోపటికి పంపలే. మెయిన్ తీసినా ఇది ఆగదంట. ఆ రెంచి నీ చేతిల ఉండదు, పోయి ఆ తల్లి నడుముల పడ్తది. పోకు."

నేను ఎంత అరిచినా ఆగని ఫిట్టర్ ఆ కుట్ల గీత చూసి ఆగిపోయాడు. చేతిలోని రెంచిని ఒకసారి చూసుకుని, నెమ్మదిగా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, కారిడార్ చివర నేల మీద పెట్టాడు. సంచి కూడా పెట్టాడు. ఆయా అప్పుడు తల తిప్పి, ఏంది లొల్లి అని అడిగింది. ఆమెకు సాయంత్రం దాకా సంగతి చెప్పలేకపోయాం.

నేను పేషెంట్‌ను పట్టుకుని గీత ఇవతలికి లాగి బెంచీ మీద కూర్చోబెట్టాను. నాడి పట్టుకుని చూశాను. బాగానే కొట్టుకుంటోంది. అతని భార్య ఏడవలేదు. చెంగు నోట్లో కుక్కుకుని టైం ఆఫీసు సార్ వైపే చూస్తోంది. ఆయన బయటి గుమ్మం దగ్గర నిలబడి అన్నీ చూశారు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. రెండో చెయ్యి గుండెల మీద ఉంది.

"ఎన్నొద్దులైందిరా?" అన్నారు.

"రెండేండ్లు అయితుంది సార్."

"ఫర్నేస్ కాడ రెండేండ్ల సంది గిట్లనే నిలబడ్డవా?"

ఈలోగా మా డాక్టరు గారు బయటికి వచ్చారు. ఫర్నేస్ అనే మాట విని, ఆ ఫర్నేస్ ఎట్లాంటిదని అడిగారు. చుట్టూ రాగి చుట్ట ఉండి, అందులో కరెంటు పోయి ఉక్కును కరిగించే ఫర్నేస్ అని ఫిట్టర్ చెప్పాడు. మన అయస్కాంతం ఆ డబ్బాకు చేసే హానే ఆ చుట్ట రోజూ చేయగలదు, ఆ డబ్బాతో ఆ చుట్ట దగ్గర నిలబడటం కూడా ప్రమాదమే అని, డాక్టరు గారు జీవితంలో మొదటిసారి తడబడకుండా చెప్పారు. మేము దాచి కాపాడదామనుకున్న రహస్యం ఆ మనిషిని రోజూ షిఫ్టుకోసారి చావు దగ్గరికి పంపుతోందని మాకు అప్పుడే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. అతను చొక్కా పట్టుకుని కూర్చున్నాడు, గుండీలు పెట్టుకోవడం చేతకాక. భార్య పెట్టింది.

టైం ఆఫీసు సార్ ఒక్కమాట మాట్లాడకుండా వెళ్లి జీపులో కూర్చున్నారు. ఆయన మాట్లాడకుండా ఉండటం నేను అప్పుడే చూశాను. ఇక పర్మనెంట్ సంగతి ముగిసిందనే అందరం అనుకున్నాం. ఫిట్టర్ నా దగ్గరికి వచ్చి జేబులోంచి ఫ్యూజు తీసి, దొంగసొత్తు తిరిగి ఇస్తున్నట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ ఫ్యూజు తిరిగి పెట్టినా కంప్యూటర్లు నిద్రలేవలేదు. మా అబద్ధం నిజమైపోయింది. బొంబాయి ఇంజనీరు వచ్చేదాకా మిషన్ పనిచేయలేదు. ఆయన వచ్చి, మెయిన్ ఎవరు తీశారని నిలదీస్తే డాక్టరు గారు నా వైపు చూశారు, నేను కిటికీ వైపు చూశాను.

పేషెంట్‌కు పట్నంలో సీటీ తీశారు. మెడ ఎముకలు రెండు నరాన్ని నలుపుతున్నాయని తేలింది. ఆపరేషన్ అయింది. చేతుల్లో పట్టు పూర్తిగా కాదు గానీ చాలావరకు వచ్చింది. కంపెనీ అతన్ని ఫర్నేస్ నుంచి తీసి ప్యాటర్న్ షాపులో వేసింది, పోత పోయడానికి కట్టె అచ్చులు చేసే చోటు. చుట్టూ చెక్కపొట్టు తప్ప ఏమీ ఉండదు. ఓవర్‌టైం పోయింది. పర్మనెంట్ మాత్రం ఆ ఏడు రాలేదు, ఆ తర్వాతి ఏడు వచ్చింది. లిస్టులో పేరు కొట్టేస్తామంటే టైం ఆఫీసు సార్ మేనేజర్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారని, సంతకం అయ్యేదాకా లేవలేదని భార్య వచ్చి చెప్పింది. లడ్డూలు తెచ్చింది. మా ఆయా రెండు ఎక్కువ తీసుకుంది, నా నడుముకు ఒకటి అని.

అప్పుడే టైం ఆఫీసు సార్ దగ్గర నుంచి కబురు వచ్చింది. ఫ్యాక్టరీకి వచ్చి వర్కర్లందరినీ ఆ ప్రశ్నలు అడగమని. ఎవరి ఒంట్లో ఏముందో తెలిస్తే ఏ పనిలో వెయ్యకూడదో మాకు తెలుస్తది, ఎవ్వరి నౌకరి పోదు, నేను మేనేజర్ తోని మాట్లాడిన అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. నేను గదిల ఉండ, బయట నిలబడ్త.

క్యాంటీన్ పక్క గదిలో నాకొక బల్ల వేశారు. తలుపు మూసి, ఒక్కొక్కరినే పంపారు. కొత్త ప్రశ్నలేమీ కావు, నేను రోజూ అడిగేవే. అయితే ఏళ్ల తరబడి పక్కనున్న మనిషి నోటి నుంచి 'ఏం లేవు' అని విన్న నేను, ఆ రోజు మొదటిసారి అసలు మనుషుల నోటి నుంచి జవాబులు విన్నాను. ఒకతను ప్యాంటు పైకి మడిచి తొడలో రాడు చూపించాడు, సైకిల్ మీది నుంచి పడ్డానని ఇంట్లో చెప్పాడట. ఒకతని తలలో క్లిప్పు ఉంది. ఒక ముసలాయన చెవి వెనక చర్మం కింద ఇనుప ముక్క తడిమి చూపించి, గిది రాయకమ్మా, నీకు చెప్పాలనిపించి చెప్పిన అన్నాడు. అందరూ చెప్పేముందు తలుపు వైపు ఒకసారి చూసేవారు. మీరు నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే. ప్రశ్న ఎంత బాగా అడిగారన్నది కాదు, అడిగేటప్పుడు గదిలో ఎవరున్నారన్నది.

షిఫ్టు మారింది. సైరన్ అయిపోయింది. నేను కాగితాలు సర్దుకుంటుంటే తలుపు తట్టి టైం ఆఫీసు సార్ లోపలికి వచ్చారు. వెనక తలుపు తనే వేశారు. ఇంకొకలు మిగిలిన్రమ్మా అన్నారు. పంపండి సార్ అన్నాను. ఆయన వచ్చి స్టూలు మీద, నా ఎదురుగా, వర్కర్లు కూర్చున్న చోటే కూర్చున్నారు.

ఫ్యాక్టరీలో షిఫ్టుల మధ్య ఆ పది నిమిషాలు అన్ని మిషన్లూ ఆగి, ఎక్కడలేని నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వినబడింది. నా చేతి గడియారం వైపు చూసుకున్నాను. అది కాదు. గోడ మీద గడియారం లేదు. ఆ చప్పుడు ఆయన ఛాతీలోంచి వస్తోంది. గుండెలో లోహపు కవాటం పెట్టించుకున్న మనుషులకు అట్లా వినబడుతుందని పుస్తకంలో చదవడమే, వినడం అదే మొదలు.

"ఇది పెట్టించి ఏండ్లు గడిచినయి," అన్నారు ఆయన. "మా ఇంట్ల తప్ప ఎవ్వలకు తెల్వది. ఆ దినం వాడు అందరి ముంగట అంగి విప్పిండు చూడు, నేను గప్పుడు నా గుండీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ. విప్పలేకపోయిన."

ఓదార్పు మాటలు ఆయనకు అక్కర్లేదనిపించింది. కొత్త కాగితం ఒకటి తీసుకుని, అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను, ఒంట్లె ఎక్కడన్న రాడు, ప్లేటు, గుండె మిషన్ ఏసిన్రా సార్ అని. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టారు.